పేరు తెలియని సమాధికి మన బాకీ

గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇనుప యుగం నాటి సమాధులున్నాయి. ఆచార్య కె.పి. రావు అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు మట్టికుండలు, ఇనుప పనిముట్లు బయటపడ్డాయి. వాటి వయసు మీద పండితుల మధ్య వాదం ఇంకా నడుస్తోంది. దక్కన్‌లో ఇనుము వాడకాన్ని మనం అనుకున్నదానికంటే చాలా వెనక్కి జరిపే లెక్కలూ అందులో ఉన్నాయి. ఎంత తగ్గించి చెప్పినా రెండు వేల ఏళ్లకు తక్కువ కాదు. ఆ రాళ్ల కింద ఉన్నవాళ్లు ఏ భాష మాట్లాడేవారో, ఏ వేల్పుకు మొక్కేవారో, వాళ్ల పేర్లేమిటో ఇప్పుడు చెప్పగలిగేవారు లేరు. మా పెద్దలని ముందుకు వచ్చే కుటుంబం లేదు, ఏటా వచ్చి పూలు పెట్టే భక్తులు లేరు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో ధర కట్టని గజం నేల మిగల్లేదు. అలాంటి చోట, ఎవరూ తమదనని ఒక సమాధి రాతిని ఉన్నచోట ఉండనివ్వాల్సిన బాధ్యత మనకు ఉందా? ఉంటే అది ఎవరి పట్ల? చనిపోయినవాళ్ల పట్లా, చరిత్ర పట్లా, దేవుడి పట్లా? ఇది పురావస్తు శాఖ ఫైళ్లలో తేలేది కాదు. మరణం గురించీ, మనిషి మనిషికి పడే రుణం గురించీ మనం ఏమి నమ్ముతామో దాన్నిబట్టి తేలేది.

మామూలుగా వినిపించే జవాబులు మూడు. మొదటిది, అవి వారసత్వ సంపద, వాటివల్ల గతం తెలుస్తుంది. ఈ జవాబు మంచిదే గానీ చివరిదాకా నిలవదు. సమాధిని పద్ధతిగా తవ్వి, కొలిచి, ఫొటోలు తీసి, ఎముకల్నీ కుండల్నీ భద్రపరిచాక తెలుసుకోవాల్సింది తెలిసిపోయినట్టే. సమాచారమే విలువైతే, అది చేతికందిన మర్నాటి నుంచి రాయికి విలువ ఉండకూడదు. రెండో జవాబు రక్తసంబంధం: మన పూర్వీకులు కాబట్టి గౌరవించాలి. ఇన్ని వేల ఏళ్లలో ఎన్ని వలసలు జరిగాయో! ఈ ఐటీ కారిడార్‌లో పనిచేసేవారిలో శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవారు ఎందరో. రక్తమే ఆధారమైతే వాళ్లకు ఈ రాళ్లతో ఏ లావాదేవీ లేదు. ఖచ్చితంగా చెప్పాలంటే మనలో ఎవరికీ లేదు. మూడోది భయభక్తులు: పోయినవారి ఆత్మ అక్కడ ఉంటుంది, కదిలిస్తే కీడు. నమ్మనివాణ్ణి ఇది కట్టిపడేయదు, నమ్మేవాడు కూడా తన మతంవారి సమాధికి ఇచ్చిన విలువ పరాయి సమాధికి ఇవ్వడు. కాబట్టి ఈ బాధ్యత నిజమే అయితే దానికి వేరే పునాది కావాలి. రక్తం, విశ్వాసం, కుతూహలం ఈ మూడూ లేని మనిషికి కూడా వర్తించే పునాది కావాలి. అది ఉందనీ, ఆ రాళ్లను నిలిపిన పనిలోనే అది కనిపిస్తుందనీ నా వాదన.

ఆ పని ఎలాంటిదో చూద్దాం. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి సమాధులు వందేళ్లకు పైగా పరిశోధకుల దృష్టిలో ఉన్నాయి. గులాం యజ్దానీ భువనగిరి దగ్గరి రాయగిరి సమాధులను పరిశీలించారు. ఇ.హెచ్. హంట్ హైదరాబాద్ ప్రాంతపు రాతిగుట్టల సమాధుల మీద 1924లో వ్యాసం ప్రచురించారు. మౌలాలీ, హష్మత్‌పేటల్లోనూ ఇవి ఉండేవి. ఇప్పుడు వాటిలో చాలా వరకు నగరం కింద కలిసిపోయాయి. వీటి నిర్మాణం ఇంచుమించు ఒకే తీరు. గుంత తవ్వి, నాలుగు పక్కలా గ్రానైట్ పలకలు నిలిపి పెట్టెలా అమర్చేవారు. అందులో ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప కత్తులూ గొడ్డళ్లూ ఉంచేవారు. పైన బరువైన పలక మూసి, దాని మీద రాళ్లు గుట్టగా పోసి, చుట్టూ పెద్ద బండలను వలయంగా పేర్చేవారు. కొన్నిచోట్ల పక్కనే నిలువురాయి నాటేవారు. ఈ శ్రమలో పలక మూసేదాకా చేసినదంతా పోయినవాడి కోసం అనుకోవచ్చు. పోయినవాడికి కావాల్సిన తిండీ ఆయుధాలూ లోపలే ఉన్నాయి. మరి పైన ఉన్న రాళ్ల గుట్ట, బండల వలయం, నిలువురాయి ఎవరి కోసం? ఊరివాళ్లకు ఎవరు ఎక్కడ ఉన్నారో గుర్తే. బతికున్నంతకాలం కొడుకూ కూతురూ మరిచిపోరు. ఎడ్లతో, మోకులతో, పదిమంది భుజబలంతో బండను లాగి నిలిపారంటే, తమ తర్వాత తమను ఎరగనివాళ్లు ఆ దారిన వస్తారని వాళ్లు అనుకున్నారన్నమాట. ఆ వచ్చేవాళ్లకు ఒకటే సంగతి తెలియాలి: ఇక్కడ ఒక మనిషి ఉన్నాడు.

ఈ సంగతి ఊహ కాదనడానికి రుజువు, ఆ తర్వాతి కాలంలో అక్షరం వచ్చిన రాళ్ల మీద దొరుకుతుంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి ఛాయాస్తంభాలున్నాయి. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి జ్ఞాపకార్థం ఆయన చెల్లెళ్లు, తల్లులు, భార్యలు కలిసి నిలిపిన స్తంభం మీద వాళ్ల పేర్లన్నీ చెక్కారు. అది ఆయన కొడుకు వీరపురుషదత్తుడి పాలనలో 20వ ఏట నిలిపినది. రాజుకే కాదు, సేనానులకూ సైనికులకూ చేతిపనివారికీ అక్కడ స్తంభాలు దక్కాయి. చిత్తూరు, అనంతపురం, కడప ప్రాంతాల్లో 8, 9 శతాబ్దాల నుంచి వీరగల్లులు మొలిచాయి. వైదుంబులు, బాణులు, నొలంబులు తలపడిన కాలమది. సోరెమడి యుద్ధంలో పడిపోయినవారి పేర్లు అలాంటి రాళ్ల వల్లే మనకు మిగిలాయి. తొలినాటి తెలుగు వాక్యాలు కొన్ని బతికింది కూడా ఇలా చనిపోయినవారి పక్కనే. పశువుల మందను కాపాడబోయి పోయినవాడు, పులితో పోరాడి పోయినవాడు, ఊరికోసం అడ్డుపడి పోయినవాడు, అందరూ అక్కడున్నారు. రాతి పైభాగాన సూర్యుడూ చంద్రుడూ ఉంటారు: అవి ఉన్నంతకాలం ఇది ఉండాలని. శాసనం చివర శాపవాక్యం ఉంటుంది: దీన్ని చెరిపినవాడికి వారణాసిలో గోవులను చంపిన పాపం చుట్టుకుంటుందని. ఆ శాపం ఎవరిని ఉద్దేశించి పలికింది? పక్కింటివాణ్ణి కాదు. ముందు తరాల్లో, తమకూ తమ రాజుకూ సంబంధం లేని కాలంలో, ఆ రాతి మీద చెయ్యి వేయబోయే అపరిచితుణ్ణి. రాయిని నిలిపినవాళ్లు మనల్ని లెక్కలోకి తీసుకునే నిలిపారు.

ఇది తెలుగు నేలకే పరిమితమైన అలవాటయితే వాదం బలహీనపడేది. ఇంచుమించు అదే కాలంలో ఎంతో దూరాన వేల్స్‌లో, కొత్తగా క్రైస్తవం అందుకున్న జనం చర్చి ఆవరణల్లో చెక్కిన రాళ్లు నిలిపారు. 5వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం దాకా లాటిన్‌లో పేర్లు, కొన్నిటి మీద అంచున ఓగమ్ లిపి గీతలు. తర్వాత శిలువ గుర్తు మాత్రమే ఉన్న రాళ్లు. 9వ శతాబ్దం నుంచి అల్లిక పనితనంతో ఎత్తయిన శిలువలు. 1950లో నాష్-విలియమ్స్ వీటన్నిటినీ ఒక గ్రంథంలో వరసపెట్టారు. ఆంగిల్సీ దీవిలోని చర్చిలో కటమానస్ అనే రాజును అందరు రాజులలోకీ వివేకిగా పొగిడే రాయి ఉంది. పెన్‌మాఖ్నోలో కరౌసియస్ అనే అతని రాయి, క్రీస్తు గుర్తును తలపై ధరించి, ఇతను ఈ రాళ్ల గుట్టలో పడుకున్నాడని చెబుతుంది. కొత్త దేవుణ్ణి నమ్మినా, పాత పద్ధతిలో రాళ్ల గుట్ట కిందే పడుకున్నాడు! టైవిన్‌లోని రాయి మీద ఉన్నవి మనకు మిగిలిన అతిపాత వెల్ష్ వాక్యాలు. అవి పోయిన ఆడవాళ్ల పేర్లు చెప్పి, మిగిలిన బాధను చెబుతాయని పండితులు అర్థం తీశారు. శైవుడో, బౌద్ధుడో, క్రైస్తవుడో, పేరే తెలియని వేల్పును కొలిచినవాడో, స్వర్గం గురించి ఎవరి మాట వారిదే. రాయి నిలిపేటప్పుడు మాత్రం అందరూ ఒకే పని చేశారు. తమను ఎరగనివాళ్లకు ఒక మనిషి ఉనికిని అప్పగించారు.

మతాన్ని ఆధారం చేసుకుంటే ఎలా దారి తప్పుతామో చెప్పే కథ మన గోదావరి తీరంలోనే ఉంది. 1868లో మల్హేరన్ అనే సర్వే అధికారి కాటాపూర్ పరిసరాల అడవుల్లో పెద్ద రాతి సమాధుల పక్కన శిలువల్లాంటి రాళ్లను చూసి వాటి గురించి రాశాడు. నాలుగేళ్ల తర్వాత, ప్రపంచపు రాతి సమాధుల మీద పుస్తకం రాసిన జేమ్స్ ఫెర్గూసన్ ఆ రాళ్ల బొమ్మలను చూసి, ఇవి క్రైస్తవుల సమాధులేనని అనుకున్నాడు. తన దేశంలో సమాధి పక్కన నిలబడే శిలువను ఎరిగిన కన్ను అది. ఇక్కడా దాన్నే చూసింది. తర్వాతి పరిశోధకులు వాటిని ఇనుప యుగపు మానవాకార శిలలుగా గుర్తించారు. తల, చాచిన భుజాలు, మొండెం. శిలువ అనుకున్నది మనిషి. ఈ పొరపాటు ఫెర్గూసన్ ఒక్కడిది కాదు. పేరులేని రాయి ఎదుట ప్రతివాడూ తన మతాన్నే చదువుకుంటాడు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో ఊరివాళ్లు నిలువురాళ్లను తిమ్మప్పగా తలచారు, ఒక రాతిని ఎల్లమ్మగా కొలిచారు. వేల్స్‌లో చరిత్రపూర్వపు నిలువురాళ్ల మీద కొన్నిచోట్ల శిలువలు చెక్కారు. తెలుగు పల్లెల్లో ఇలాంటి సమాధులను రాకాసి గుళ్లన్నారు, పాండవ గుళ్లన్నారు. ఎవరి సమాధో తెలియకే ఇన్ని పేర్లు. అందుకని 'ఇది మావాళ్లది' అన్న నమ్మకం మీద గౌరవాన్ని నిలిపితే ఆ గౌరవం పొరపాటు మీద నిలబడినట్టవుతుంది. పొరపాటు బయటపడిన రోజున అదీ కూలుతుంది.

కాబట్టి నేను చెప్పదలచినది ఇది. సమాధి రాయి ఒక విన్నపం. దాన్ని నిలిపినవాళ్లు తమకు తెలియని, తమను తెలియని మనుషుల మర్యాద మీద భరోసా ఉంచారు. ఆ విన్నపం నెరవేర్చడానికి కావాల్సింది వాళ్ల భాష రావడం కాదు, వాళ్ల దేవుణ్ణి నమ్మడం కాదు. అక్కడ ఉండడం, ఆ రాతిని కూల్చగల శక్తి చేతిలో ఉండడం చాలు. విన్నపం అందిన మనిషికి కాదనే స్వేచ్ఛ ఉంది. వినలేదని నటించే హక్కు మాత్రం లేదు. కాదనాలంటే కారణం చెప్పాలి, ఆ కారణం విన్నపానికి తూగేదై ఉండాలి.

దీనికి మొదటి పూర్వపక్షం చార్వాకులది. చచ్చినవాడికి ఏమీ తెలియదు. శ్రాద్ధం పెడితే పోయినవాడి ఆకలి తీరేటట్టయితే, ఊరెళ్లినవాడికి ఇంట్లో అన్నం పెట్టినా కడుపు నిండాలి కదా అని వాళ్లు అడిగారని 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం చెబుతుంది. పదునైన ప్రశ్న. సమాధిలో ఉన్నవాడికి సుఖదుఃఖాలు లేవన్న మాటను ఒప్పుకునే జవాబు చెప్పవచ్చు. మాట నిలబెట్టుకోవడం ఎదుటివాడి సుఖం మీద ఆధారపడదు. వీలునామా రాసినవాడు పోయాకే అది అమల్లోకి వస్తుంది. ఆస్తి ఎవరికి చేరిందో చూసి సంతోషించడానికి అతను ఉండడు. అయినా దాన్ని చించేయడాన్ని నేరమంటాం. ఈ ఐటీ కారిడార్‌లో ప్రతి సర్వే నంబరు వెనకా ఎప్పుడో పోయినవాళ్ల సంతకాలున్నాయి: జాగీర్లు, ఇనాములు, పట్టాలు, సేల్ డీడ్లు, వీలునామాలు. మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేరిట ఉన్న 1,654 ఎకరాల మీద ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ప్రభుత్వం వైపు వచ్చింది. తీర్పు ఎటు వచ్చిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. 16వ శతాబ్దపు సూఫీ పేరు మీద ఎప్పుడో ఎవరో ఇచ్చిన మాటను 21వ శతాబ్దపు న్యాయస్థానం ఓపికగా కూర్చుని విన్నది. కాగితం మీద ఉన్న గతించినవాళ్ల మాటకు ఇంత మన్నన ఇస్తున్నాం. లేకపోతే మన ఆస్తులే నిలవవు. అదే మాట రాతి రూపంలో ఉంటే, దాని తరఫున వకీలు లేడన్న ఒక్క కారణంతో, బుల్డోజరు ముందుకు తోస్తున్నాం. చచ్చినవాడికి తెలియదన్న వాదం నిజంగా నమ్మితే రెండింటికీ వర్తించాలి. మనకు లాభమైన చోట విడిచిపెట్టి, నష్టమైన చోట పట్టుకుంటే అది తత్త్వం కాదు, సౌకర్యం.

రెండో పూర్వపక్షం లోతైనది, అది మన మతాల లోపలి నుంచే వస్తుంది. దేహం విడిచిన వస్త్రం లాంటిదని చెప్పి, కాల్చి, బూడిదను నదిలో కలిపే సంప్రదాయంలో పోయినవాడికి గుర్తు నిలపడం మమకారమే కదా? అనిత్యమని బోధించిన బౌద్ధం రాతిని ఎలా పట్టుకు వేలాడుతుంది? సమాధి మీద ఆర్భాటంగా కట్టవద్దని ఇస్లాంలోనూ గట్టి అభిప్రాయం ఉంది కదా? ఈ ఆక్షేపణకు ఆచరణే జవాబు చెబుతుంది. శవాన్ని దహనం చేసిన జనమే వీరగల్లు నిలిపారు. కింద ఎముక లేదు, ఉన్నది విన్నపమే. అనిత్యం చెప్పిన బౌద్ధులకు నెలవైన నాగార్జునకొండలోనే ఛాయాస్తంభాలు లేచాయి. ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మన మతాలన్నీ సంబంధంలేని మృతుల కోసం కొంత చోటు వదిలాయి. తర్పణంలో తన గోత్రంలో బిడ్డలు లేక పోయినవారికని బట్ట పిండిన నీళ్లు వదులుతారు, బ్రహ్మ నుంచి గడ్డిపోచ వరకు అన్నిటికీ నీళ్లు విడుస్తారు. భీష్మాష్టమినాడు, సంతానం లేకుండా పోయిన భీష్ముడికి ఏ చుట్టరికమూ లేనివాళ్లు తర్పణమిస్తారు. శ్మశానంలో అడుగుపెట్టిన ముస్లిం అక్కడ ఉన్నవారందరికీ సలాం చెబుతాడు. ఒక్కొక్కరి పేరూ అడగడు. నవంబరు 2న క్రైస్తవులు సమస్త మృతుల కోసం ప్రార్థిస్తారు, ఎవరూ తలచుకోనివారూ అందులో ఉన్నారు. దేహం మీద మమకారం వద్దని చెప్పిన మతాలే ఎవరూ లేని మృతుణ్ణి విడిచిపెట్టవద్దని చెప్పాయి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డురావు. మమకారం 'నావాడు' అన్నచోట పుడుతుంది. పేరులేని సమాధి ముందు 'నావాడు' అనడానికి ఏమీ ఉండదు. అక్కడ చూపే గౌరవమే మమకారం లేని గౌరవం.

మూడో ఆక్షేపణ బతికున్నవాళ్ల అవసరం. లక్షలమందికి ఉద్యోగాలూ ఇళ్లూ కావాలి. పోయినవాళ్లు ఎకరాలు ఆక్రమించుకుని కూర్చుంటే ఎలా? అవసరం నిజమైనప్పుడు రాయి జరగవచ్చు, ఒప్పుకుంటాను. నాగార్జునసాగర్ కట్టడానికి కృష్ణా తీరాన నాగార్జునకొండ లోయలోని ఇక్ష్వాకుల విజయపురి మునగవలసి వచ్చింది. అప్పుడు ఏం చేశారు? 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వి చూశారు, కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్లీ నిలిపారు, శిల్పాలకూ శాసనాలకూ కొండ మీదే మ్యూజియం కట్టారు. మాగాణికి నీళ్లు కావాలన్న కారణం విన్నపానికి తూగింది. తూగినా విన్నపాన్ని విని, వీలైనంత చెల్లించాకే నీళ్లు వదిలారు. ఆనాడు పేద దేశం చేయగలిగిన పనిని, ఈనాడు గజానికి లక్షలు పలికే చోట చేయలేమనడం కుదరదు. పైగా ఒక రాతి వలయానికి కావాల్సినది ఎకరాలు కాదు, చాలాసార్లు ఒక కార్యాలయం ముందు పచ్చిక వేసినంత చోటు. 2025లో విశ్వవిద్యాలయం పక్కనే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద వివాదం రేగి, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ చర్చలో చెట్లు, జింకలు, నెమళ్లు, చెరువులు, బండలు ముందు నిలిచాయి, నిలవాల్సిందే. ప్రాణమున్నదాని తరఫున మాట్లాడేవారు ఆ రోజు దొరికారు. అదే నేల మీద మనకు ముందు బతికిన మనుషుల తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి.

నాలుగో ఆక్షేపణ నైతికమైనది. వీరగల్లుల్లో దోపిడీ దాడులకు వెళ్లి పోయినవారూ ఉన్నారు. సతి శిలలు ఒక ఆడమనిషి నిప్పుల్లో కాలడాన్ని పుణ్యంగా చెక్కాయి. శ్రీశైలంలో భక్తులు తలలు అర్పించే వీరశిరోమండపాన్ని 14వ శతాబ్దంలో అనవేమారెడ్డి కట్టించాడు. వీటిని గౌరవించడమంటే ఆ విలువలకు తల వంచడం కాదా? పూజకూ గౌరవానికీ మధ్య గీత ఇక్కడ గీసుకోవాలి. రాజస్థాన్‌లో రూప్ కన్వర్ మరణం తర్వాత వచ్చిన 1987 నాటి సతి నిరోధక చట్టం సతిని కీర్తించడాన్ని నేరం చేసింది. అది సరైన చట్టం, ఆ రాళ్ల ముందు కొబ్బరికాయ కొట్టడాన్ని నేను సమర్థించను. కానీ గాజుల చెయ్యి పైకెత్తి ఉన్న ఆ రాయి తప్ప ఆమె బతికిందన్న సాక్ష్యం లోకంలో ఇంకెక్కడా లేదు. ఆమెను కాల్చిన వ్యవస్థ మీద కోపంతో ఆ రాతిని పగలగొడితే, వ్యవస్థకు ఏమీ కాదు. ఆమె రెండోసారి మాయమవుతుంది. రాతిని నిలిపినవాళ్లు ఆమె గురించి చెప్పిన కారణాన్ని తిరస్కరించి, ఆమెను మాత్రం ఉంచుకోవడం మన చేతిలో ఉన్న న్యాయం.

ఐదో ఆక్షేపణ: రాయి దక్కింది ఉన్నవాడికే, లేనివాడు గుర్తులేకుండా మట్టిలో కలిశాడు, కాబట్టి రాళ్లను కాపాడితే కాపాడేది పెత్తనాన్నే. ఇందులో నిజముంది, మొత్తం నిజం కాదు. ఛాయాస్తంభాల్లో చేతిపనివాళ్లున్నారు, వీరగల్లుల్లో పశువుల కాపరులున్నారు. గుర్తు దక్కనివాళ్లు లెక్కలేనంతమంది అన్నది నిజమే. అయితే, ఉన్న కొద్ది గుర్తులను తుడిచేస్తే వాళ్లకు న్యాయం జరుగుతుందా? పేరు లేని సమాధి తట్టు చూడడం నేర్చుకున్న సమాజమే, ఈ అద్దాల మేడలను కట్టి ఏ ఊరి రికార్డులోకీ ఎక్కకుండా పోయిన వలస కూలీ గురించి కూడా అడగగలుగుతుంది. పేరున్నవాణ్ణే గౌరవించే సమాజానికి ఆ ప్రశ్న తట్టదు.

ఈ బాధ్యత నెరవేరడం అసాధ్యమేమీ కాదనడానికి మన దగ్గరే నిదర్శనాలున్నాయి. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పల్నాటి వీరులను తలుస్తారు. 12వ శతాబ్దపు యుద్ధంలో పోయినవారికి గుర్తుగా ఉన్న రాళ్ల చుట్టూ, కులం చూడని చాపకూడు ఆదర్శాన్ని గుర్తుచేసుకుంటారు. వచ్చేవాళ్లంతా ఆ వీరుల వంశీకులు కారు. ముడుమాల్‌లో నిలువురాళ్లను ఊరివాళ్లు తమకు తోచిన పేరుతో కొలుస్తూ ఉంచారు కాబట్టే, అవి 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితా దాకా వెళ్లాయి. పేరు పొరపాటయి ఉండవచ్చు, పని సరైనదే. చదువులేని రైతు నాగలిని ఆ రాళ్ల పక్కనుంచి తిప్పాడు. అది వాళ్ల పొలం, వాళ్ల పంట, అయినా ఆ కాస్త నేల వదిలారు. చదువున్న నగరం అంతకంటే తక్కువ చేయకూడదు.

అంటే ఇప్పుడు చేయాల్సింది స్పష్టం. సైబరాబాద్‌లో కొత్తగా ఒక బండను పేల్చే ముందు, ఒక లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు, అక్కడ సమాధులున్నాయో లేదో పురావస్తు నిపుణుడు నడిచి చూడాలి. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కాగితం మీద ఇచ్చిన అధికారం ఈ పనికి వాడాలి. ఉన్నచోట ఉంచగలిగితే ఉంచాలి. తరలించక తప్పకపోతే విడి రాయిగా తోటలో అలంకారానికి కాక, తన వలయంతో, తన వివరంతో కలిపి మళ్లీ నిలపాలి. పాతచోట ఇక్కడ మనుషులు సమాధి అయ్యారని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాయాలి. మతం పేరు రాయక్కర్లేదు, మనకు తెలియదు కనుక. ఏ మతస్థుడైనా తన పద్ధతిలో ఒక నమస్కారమో సలామో చెప్పుకోవచ్చు, ఏ మతమూ లేనివాడు ఊరికే ఆగి చూడవచ్చు. మొదట వేసిన ప్రశ్నకు నా జవాబు ఇది: మన బాకీ రాతికి కాదు, చరిత్రకు కాదు, ఆ రాతి కింద తిరుగుతుందనుకునే ఆత్మకూ కాదు. ఒకప్పుడు ఇదే నేల మీద బతికి, మన పేరు తెలియకపోయినా మన మంచితనాన్ని నమ్మిన మనుషులకు. ఆ నమ్మకానికి తగినవాళ్లమని చూపించుకోగల అవకాశం, అధికారం రెండూ ఇప్పుడు మన తరం చేతిలోనే ఉన్నాయి. ఎవరూ చూడని చోట, ఎవరూ నిలదీయని చోట ఉన్నాయి. అందుకే ఈ బాకీని మనంతట మనమే గుర్తించి తీర్చాలి.